చప్పుడు ఎలాగుందో చెప్పమ్మా

మిత్రులారా, ఈ ఆదివారం రాస్తానన్నది వేరే సంగతి. బోయి భీమన్న గారి ‘పాలేరు’ నాటకం మీద మా డిగ్రీ పిల్లలు అడిగిన ప్రశ్నల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను, క్షమించాలి. మొన్న కాకినాడలో మీటింగు అయిపోయి మెట్లు దిగుతుంటే ఒక తమ్ముడు, "అక్కా, మీ బండి ఇంకా తిరుగుతోందా, ఆ చప్పుడు పోయిందా?" అని అడిగాడు. పోయిందని చెప్పి వచ్చేశాను. దారంతా ఆ ప్రశ్న నాతోనే వచ్చింది. చప్పుడు పోయిన మాట నిజమే. ఎలా పోయిందో మాత్రం నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పాలంటే కొంచెం సిగ్గుపడాలి, అందుకని.

మీలో చాలామంది ఆ బండి ఎక్కారు. వెనక ఎదురెదురు సీట్లలో మోకాలికి మోకాలు తగిలించుకుని ఆగస్టు 6కి చుండూరు దాకా వచ్చినవాళ్ళు ఉన్నారు. కంపెనీ పేరు రాయను. మన ఊళ్ళలో సర్పంచి ఇంటి ముందు, ఇరిగేషన్ ఆఫీసు ముందు, పోలీస్ స్టేషన్ ముందు ఎప్పుడూ కనబడే మొండి డీజిల్ బండి. వెనక కమాను కట్టలు, ముందు ఇంజను, మధ్యలో పొడుగాటి ఇనప షాఫ్టు. 2010లో తయారైంది. 2019లో లోను పెట్టి నేను కొనేటప్పటికే లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగి ఉంది. చిన్న కారు కొనుక్కోవచ్చు కదా అన్నారు తోటి లెక్చరర్లు. చిన్న కారులో మైకు సెట్టు, పుస్తకాల మూటలు, ఎనిమిది మంది పిల్లలు పట్టరు. పట్టినా కాలవగట్టు రోడ్ల మీద దాని పొట్ట నేలకి తగులుతుంది.

పాత బండి కొన్నవాళ్ళకి మొదట వచ్చే జబ్బు చెవి జబ్బు. ప్రతిదీ వినబడుతుంది. రేడియో పెట్టాలనిపించదు. పక్కవాళ్ళు మాట్లాడుతుంటే "ఒక్క నిమిషం ఉండండి" అని నోరు మూయించి వింటాం. నేను తెలుగు చెప్పే మనిషిని కాబట్టి నాకు ఇంకో జబ్బు కూడా ఉంది. వినబడ్డ ప్రతిదానికీ పేరు పెట్టాలి. క్లాసులో ధ్వన్యనుకరణ పదాలు చెప్పేటప్పుడు పిల్లలు గలగల, జలజల దగ్గర ఆగిపోతారు. గోదారి, గాజులు, వాన. ఇప్పుడు నేను బండి ఉదాహరణలు ఇస్తున్నాను. కిర్రు వేరు, కీచు వేరు. గరగర వేరు, బరబర వేరు. లొటలొట అంటే ఏదో వదులయ్యింది, దానికి ఇంకా చోటుంది అని. టకటక అంటే లెక్క ఉన్న చప్పుడు, ఏదో తిరుగుతూ కొడుతోంది. టక్కున ఒక్కసారి వస్తే అది తిరిగేది కాదు, కదిలేది. ఇదంతా నా తెలివి కాదు. ఎవరిదో కింద వస్తుంది.

మొదటి ఏడాది ఒక చప్పుడు మమ్మల్ని రెండు వారాలు ఏడిపించింది. మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి దడ్... దడ్. ఎడమ మలుపుకి కుడి పక్క, కుడి మలుపుకి ఎడమ పక్క. షాకబ్జార్బర్లు మార్పించాను. ఆగలేదు. చివరికి అంబాజీపేటలో ఎవరో అభిమానంగా పెట్టిన కొబ్బరికాయ వెనక సీటు కింద దొర్లుతోందని తేలింది. షాకబ్జార్బర్ల డబ్బులు ఎవరూ తిరిగివ్వలేదు. కాయ మాత్రం పచ్చడి చేసుకున్నాం.

కొన్ని చప్పుళ్ళు ఉండనివ్వాలి. స్పీడు బ్రేకరు దాటేటప్పుడు వెనక కమాను కట్టలు కిర్రు కిర్రుమంటాయి. కట్ట చివర రబ్బరు బుష్షులు అరిగిపోయాయని దాని అర్థం. అరగడం, మార్చడం, మళ్ళీ అరగడం. పొద్దున్న స్టార్టు చేయగానే ఇంజను పక్కనుంచి టిక్కు టిక్కు టిక్కు, పది నిమిషాలకి పోతుంది. పొగ గొట్టం ఇంజనుకి కలిసే చోట గ్యాస్కెట్ సందిచ్చింది. ఇనుము వేడెక్కి సాగితే ఆ సందు మూసుకుంటుంది, చల్లారితే తెరుచుకుంటుంది. ఇది తెలిసేదాకా ఇంజను పోయిందని నేను నిద్రపోలేదు. తెలిశాక కూడా బాగుచేయించలేదు, అది వేరే సంగతి. సముద్రం దగ్గర ఊళ్ళకి తిరిగే బండికి తుప్పు చప్పుళ్ళు సరేసరి. రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్ళ మీద వెళ్ళి వెళ్ళి అడుగున ప్రతి బోల్టూ తుప్పు పూసి ఉంటుంది. మేస్త్రి ఒక నట్టు విప్పబోతే మూడు విరుగుతాయి.

ఇక అసలు చప్పుడు.

2023 సంక్రాంతి తర్వాత మొదలైంది. బండి కదిలేటప్పుడు టంగ్ అని ఒక్క దెబ్బ, ఇనప కడ్డీని సుత్తితో కొట్టినట్టు. ఫస్టు గేరు నుంచి రివర్సుకి వెళ్తే మళ్ళీ టంగ్. నాకు అది సరిగ్గా గేరు రాడ్డు కింద నుంచి, నా ఎడమ పాదం పక్కనుంచి వినబడేది. దానికి తోడు యాభై దాటితే హూఁ... అని ఒక మూలుగు. దూరంగా ఎక్కడో రైసు మిల్లు ఆడుతున్నట్టు.

మా నాన్న ఆ రోజు పక్క సీట్లో ఉన్నాడు. రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్తున్నాం. జొన్నాడ వంతెన మీద ఆయన డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత గేరు రాడ్డు మీద పెట్టాడు. తర్వాత చెప్పు విప్పి పాదం నేలకి ఆనించాడు. "వెనకాల్దమ్మా" అన్నాడు.

"ముందు నుంచి వినబడుతోంది నాన్నా, గేరుబాక్సు."

"వినబడ్డం ముందే. పుట్టడం ఎనక."

నేను నవ్వేసి ఊరుకున్నాను.

నాన్న గురించి ఈ సీరీస్‌లో ముందు ఒకటి రెండుసార్లు రాశాను, కానీ డ్రైవరు అని ఒక్క ముక్కలో దాటేశాను. మండపేట వైపు ఒక మిల్లు ఆసామి దగ్గర మా తాత పాలేరు. నాన్నకి పద్నాలుగేళ్ళకి జీపు కడిగే పని ఇచ్చారు. కడిగి షెడ్డులో పెట్టాలి కాబట్టి పెట్టడం నేర్చుకున్నాడు. పెట్టడం వచ్చినవాడికి తీయడం కూడా వచ్చింది. 1979లో లైసెన్సు తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఆ జీపు, తర్వాత బియ్యం లారీ, తర్వాత కాలేజీ బస్సు, 2017 దాకా. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంజను ముందు కూర్చున్న మనిషి. మా పేటలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఆయనే.

చిన్నప్పుడు ఆయన చెప్పిన ఒక కథ నాకు గుర్తుంది. జీపు ముందు చక్రం బేరింగు పోతోందని ఆయనకి చప్పుడు బట్టి తెలిసింది. షెడ్డుకి తీసుకెళ్ళి చెప్పాడు. మెకానిక్కు వినిపించుకోలేదు. "ఆసామిని రమ్మను, ఆయన చెప్తే ఇప్పుతాను" అన్నాడు. నాన్న తిరిగొచ్చి ఆసామికి చెప్పాడు. ఆసామి వెళ్ళి, నాన్న చెప్పిన మాటే అక్షరం మార్చకుండా చెప్పాడు. అప్పుడు విప్పారు. బేరింగే. మెకానిక్కు ఆసామితో, "మీ చెవి మహా చెవండి బాబూ" అన్నాడట. నాన్న ఇది కోపంగా చెప్పేవాడు కాదు. నవ్వుతూ చెప్పేవాడు, చివర్లో "ఆయ్" అని మెకానిక్కు గొంతు పెట్టి. మేమూ నవ్వేవాళ్ళం.

మార్చిలో బండిని ఒక పెద్ద సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. ఊరు, పేరు వద్దు. నాన్న నాతో వచ్చాడు. నేను కాటన్ చీర, కళ్ళజోడు, భుజాన బ్యాగు. నాన్న మామూలుగా ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. రిటైరయ్యి ఆరేళ్ళయినా ఖాకీ ప్యాంట్లు అయిపోలేదు, అవే వేసుకుంటాడు. కౌంటరు దగ్గర కుర్రాడు చాలా మర్యాదగా, "మేడమ్, మీరు లోపల ఏసీలో కూర్చోండి" అని, నాన్న వైపు తిరిగి, "డ్రైవర్లకి వెయిటింగ్ బయటండి, షెడ్డు పక్కన" అన్నాడు.

నాన్న సరేనని బయటికి వెళ్ళాడు.

నేను లోపలికి వెళ్ళాను.

మా నాన్నగారండీ అని ఒక్క మాట. నోట్లోకి వచ్చింది. కుర్రాడు అప్పటికే కాగితం తీశాడు, కంప్లయింటు ఏంటి మేడమ్ అంటున్నాడు, వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇవన్నీ కారణాలని నేను ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు ఏ కారణమూ అవసరం పడలేదు. కాఫీ ఇచ్చారు, తాగాను. అద్దంలోంచి నాన్న కనబడుతూనే ఉన్నాడు. షెడ్డు పక్కన ఇంకో ఇద్దరు డ్రైవర్లతో ఏదో మాట్లాడుతున్నాడు. బాగానే నవ్వుతున్నాడు. నలభై నిమిషాలు.

కంప్లయింటు నేనే రాయించాను. "గేరుబాక్సులో శబ్దం." నేను చెప్పిన మాటే కాగితం మీదికి ఎక్కింది, కాగితం మీద ఉన్నదే లోపల చూశారు. ఎవరో బండిని ఆవరణలో ఒక రౌండు తిప్పారు. ఎస్టిమేటు వచ్చింది. గేరుబాక్సు దించాలి, క్లచ్చు ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు, లోపల ఏముందో విప్పితే తెలుస్తుంది, మొదట నలభై రెండు వేలు. నా పేరు ముందు డాక్టర్ అని కూడా టైపు చేశారు. నా చెవి మహా చెవి.

డబ్బులు లేవు కాబట్టి ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఉంటే అక్కడే దించేసేవాళ్ళు. తిరుగుదారిలో నాన్న ఆ షెడ్డు సంగతి ఏమీ అనలేదు. "కాఫీ ఇచ్చారా?" అని మాత్రం అడిగాడు. మామూలుగానే అడిగాడు.

మనం ఎంఏలో చదువుకుంటాం, ఆనందవర్ధనుడు, ధ్వన్యాలోకం, వాచ్యం, లక్ష్యం, వ్యంగ్యం. లక్షణకి పాఠం చెప్పేవాళ్ళందరూ ఇచ్చే ఉదాహరణ ఒకటుంది. గంగలో పల్లె అంటే నీళ్ళలో పల్లె అని కాదు, గంగ ఒడ్డున పల్లె అని. మాట ఒక చోట, అర్థం పక్క చోట. (ఈ ఉదాహరణ మా లంక ఊళ్ళ పిల్లలకి చెప్తే నవ్వుతారు. జూలైలో వాళ్ళకి వాచ్యార్థమే సరిపోతుంది.) పదేళ్ళు ఇది చెప్పిన మనిషికి, చప్పుడు ఒక చోట వినబడితే కారణం ఇంకో చోట ఉండొచ్చని తట్టలేదు. వెనక దెబ్బ కొడితే ఆ బోలు ఇనప షాఫ్టు మొత్తం మోగి, ఆ మోత ముందుకి, నా కాలి దగ్గరికి వస్తుంది. రైలు పట్టాకి చెవి ఆనిస్తే దూరం బండి వినబడదా, అలా.

నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం మన కథల్లో వృత్తిపదాల మీద. మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లో వచ్చింది, తర్వాతది చేనేత మీద. వాటిని ఎంత శ్రద్ధగా తిరగేశానో మా గైడుకి తెలుసు. మేడి, కర్రు, నొగలు, అన్నీ కార్డుల మీద రాసుకున్నాను. ఆ నాలుగేళ్ళూ నాన్న సాయంత్రం ఇంటికొచ్చి, క్రాసు కొట్టింది, కమాను విరిగింది, హౌసింగు కారుతోంది అని అమ్మకి చెప్తూనే ఉన్నాడు. అదే గదిలో. ఒక్క కార్డు రాసుకోలేదు.

వారం తర్వాత నాన్నే తనకి తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. రావులపాలెం దాటాక కాలవగట్టు మీద రేకుల షెడ్డు, పక్కన రావిచెట్టు, చెట్టుకి పాత టైర్లు. మేస్త్రికి నలభై ఐదు ఉంటాయి. ఆయన తండ్రి చెప్పులు కుట్టేవాడు. నాన్నని "బాబాయ్" అంటాడు. నన్ను "మేడంగారండీ" అంటాడు. నేను చప్పుడు వివరించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఏం చప్పుడో తర్వాతండి. ఎప్పుడొత్తంది?" అన్నాడు.

విద్యార్థి మిత్రులు ఇది కొంచెం నిదానంగా చదవండి. బండి ఉన్నా లేకపోయినా.

నిలబడి ఉన్నప్పుడు ఇంజను రేజు చేస్తే వస్తోందా? రావట్లేదు. అయితే ఇంజను కాదు, బెల్టులు కాదు. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్చు తొక్కితే ఏమైనా మారుతోందా? తొక్కినప్పుడే గరగరమంటే రిలీజు బేరింగు, తొక్కితే పోయి వదిలితే వస్తే గేరుబాక్సు లోపలి బేరింగు. రెండూ లేవు. నలభై రెండు వేలు అక్కడికే మిగిలాయి, పెడల్ రెండుసార్లు తొక్కినందుకు. తర్వాత ఆయనే నడిపాడు, పక్కన నాన్న, వెనక నేను. ఖాళీ రోడ్డు మీద అరవైకి తీసుకెళ్ళి న్యూట్రల్ చేశాడు. ఇంజను చప్పుడు పడిపోయింది, మూలుగు పడిపోలేదు. అంటే అది చక్రాలతో తిరిగేది, ఇంజనుతో కాదు. హైవే నున్నటి తారు మీదా, గట్టు గతుకుల మీదా ఒకేలా ఉంది. అంటే టైర్లు కాదు. బండిని కొంచెం ఎడమకి, కొంచెం కుడికి ఊపాడు. చక్రం బేరింగయితే బరువు పడ్డ వైపు చప్పుడు పెరుగుతుంది. పెరగలేదు. ఇక యాక్సిలేటరు తొక్కాడు, మూలుగు లావయ్యింది. కాలు తీశాడు, సన్నబడి గొంతు మార్చింది.

ఇద్దరూ ఒకేసారి "క్రౌను" అన్నారు.

వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా గుమ్మడికాయలా ఉంటుంది చూడండి, ఆ హౌసింగులో క్రౌను, పినియను అని పళ్ళ చక్రాలుంటాయి. పొడుగ్గా వచ్చే షాఫ్టు తిప్పుడుని పక్కలకి మళ్ళించి చక్రాలకి ఇచ్చేవి అవే.

షెడ్డుకి తిరిగొచ్చాక చక్రాలకి రాళ్ళు పెట్టి, గేరు తీసేసి, మేస్త్రి కిందికి దూరాడు. షాఫ్టుని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. టంగ్ టంగ్. నా చప్పుడే, ఆయన చేతిలో. నన్ను కూడా కిందికి రమ్మన్నాడు. చీర దోపుకుని గోనెపట్టా మీద పడుకుని దూరాను. షాఫ్టు వెనక కొస దగ్గర, క్రాసు కప్పుల చుట్టూ, ఎర్రటి పొడి. కుంకుమ రాలినట్టు. "ఇదేంటో తెలుసాండి? క్రాసు లోపల సూదుల్లాంటి బేరింగులు ఉంటాయండి. గ్రీజు లేక తుప్పు పట్టి, నలిగి, ఇలా పిండయిపోయినియ్యి." ఇంకో నెల తిరిగితే షాఫ్టు ఊడి రోడ్డు మీద పడేదన్నాడు. ముందు కొస ఊడి నేలకి గుచ్చుకుంటే బండి లేచిపోతుందని కూడా అన్నాడు. నేను ఆ నెలలో పిల్లల్ని తీసుకుని రెండుసార్లు అమలాపురం వెళ్ళొచ్చాను. వెనక ఎదురెదురు సీట్లలో మోకాలికి మోకాలు తగిలించుకున్న పిల్లలు.

నాన్న బయటే స్టూలు మీద కూర్చుని అడిగాడు, "వరద దిగాక బండికేం చేసావమ్మా?"

"కడిగించాను."

"పైన కడిగించావు."

2022 జూలై మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత ఎత్తు రాలేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. అదీ దాటి, పాతిక లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. పి.గన్నవరం, మామిడికుదురు వైపు లంకల్లో పేటలు పేటలే నీళ్ళలో ఉన్నాయి. పల్లంలో ఉండేవి మన పేటలే కదా, నీళ్ళు ముందు వచ్చేదీ చివర వెళ్ళేదీ అక్కడే. మనవాళ్ళు పోగుచేసిన బియ్యం, మంచినీళ్ళ డబ్బాలు, కొవ్వొత్తులు, పాలపొడి ఆ బండిలోనే వేసుకుని పడవల రేవు దాకా ఆరు రోజులు తిప్పాం. రేవు రోజుకొకచోట ఉండేది, నీళ్ళు ఎక్కడిదాకా వస్తే అక్కడ రేవు. చివరి అర కిలోమీటరు చక్రాల మధ్యదాకా నీళ్ళలోనే. బండి ఒక్కసారి కూడా ఆగలేదని మనమంతా దాని బానెట్టు తట్టాం, ఫొటోలు కూడా దిగాం.

మేస్త్రి చెప్పింది ఇది. యాభై, అరవై కిలోమీటర్లు నడిచి వచ్చిన హౌసింగు లోపల నూనె వేడిగా ఉంటుంది, గాలి వేడిగా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి వరద నీళ్ళలోకి దింపితే లోపలి గాలి ముడుచుకుంటుంది. ముడుచుకుని బయటి నుంచి పీలుస్తుంది. గాలి పీల్చుకోవడానికి పైన చిన్న బ్రీదరు ఉంటుంది, మన బండికి అది బురదతో పూడిపోయి ఉంది. ఇక అరిగిన సీలు సందుల్లోంచి నీళ్ళే పీల్చుకుంది. క్రాసుల్లో గ్రీజు కూడా ఆ ఆరు రోజుల్లోనే కడుక్కుపోయింది. వరద నుంచి వచ్చిన వారం లోపు అడుగున నూనె మార్చి, నిప్పిళ్ళకి గ్రీజు గన్ను పెట్టి నాలుగు కొట్లు కొట్టి ఉంటే సరిపోయేది. ఐదారు వందల పని.

హౌసింగు అడుగు బోల్టు విప్పాడు. నల్లగా, తేనెలా రావాల్సిన నూనె పాలు కలిపిన కాఫీలా వచ్చింది. డబ్బాలో కాసేపు నిలవనిచ్చాక అడుగున నీళ్ళు విడిగా తేలాయి. నాన్న వేలు ముంచి బొటనవేలితో రుద్ది చూశాడు. అందులో సన్నటి మెరుపు, ఇనప రజను. ఎనిమిది నెలల కిందటి గోదారి నీళ్ళు, నేను ఊరూరా మోసుకు తిరిగినవి.

పినియను బేరింగులు రెండు, సీళ్ళు, క్రాసు, నూనె, రెండు రోజుల కూలి, అన్నీ కలిపి తొమ్మిది వేల నాలుగు వందలు. క్రౌను పళ్ళు ఇంకా బాగానే ఉన్నాయని మార్చలేదు. మూలుగు పూర్తిగా పోదండి, కొంచెం ఉంటాది, అలవాటు పడిపోండి అన్నాడు. నిజంగానే కొంచెం ఉంది. ఎనభై దాటితే వినబడుతుంది. నేను ఎనభై దాటను.

డబ్బులిచ్చేటప్పుడు మేస్త్రి, "బాబాయ్ చెప్పే ఉంటాడు కదండీ ఎనకాలని, మీరెందుకు పెద్ద షెడ్డుకెళ్ళారు?" అన్నాడు. నాన్న నా వైపు చూడకుండా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "మరేనండి, ఆసామి చెప్తే గానీ ఇప్పరు కదా" అన్నాడు. మేస్త్రికి ఆ కథ తెలిసినట్టు లేదు, ఊరికే నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. నాకు చిన్నప్పుడు నవ్వినట్టు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక ఆ రోజు షెడ్డు సంగతి ఎత్తాను. "నాన్నా, ఆ రోజు నేను చెప్పాల్సింది" అని మొదలుపెడితే, "ఏ రోజు?" అన్నాడు. గుర్తు లేదా, గుర్తు లేనట్టు ఉన్నాడా అన్నది నాకు తెలియదు. ఇంకా అడిగితే, "ఆ కుర్రాళ్ళు మంచోళ్ళే, బీడీ ఇచ్చారు" అన్నాడు. అంతకుమించి ఆ మాట సాగలేదు.

తర్వాత ఒకటి గమనించాను. అమ్మ వంటింట్లోంచి పిలిస్తే నాన్న పలకడం లేదు. టీవీ సౌండు పెంచుతున్నాడు. కిందటేడు బలవంతంగా చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినబడితే బటన్ నొక్కమన్నారు. బయట గ్రాఫు మీద గీత వస్తోంది. మందమైన చప్పుళ్ళ దగ్గర గీత బాగానే ఉంది. 4000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా దిగిపోయింది, రోడ్డు మధ్య గొయ్యిలా. ఏళ్ళ తరబడి పెద్ద చప్పుళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళందరికీ ముందు అక్కడే పోతుందట, ఇంజన్లు, మిల్లులు, మగ్గాలు. పోయింది తిరిగి రాదు. మిషను పెట్టుకోవచ్చు. నాన్న పెట్టుకోనన్నాడు. "బండి నాకు చేతికి తెలుత్తాది, నీ మాట మొహం చూత్తే తెలుత్తాది, ఇంకెందుకు?" అన్నాడు.

అప్పుడు నాకు జొన్నాడ వంతెన గుర్తొచ్చింది. డాష్‌బోర్డు మీద అరచెయ్యి, గేరు రాడ్డు మీద చెయ్యి, నేల మీద పాదం. ఆయన వినలేదు. వినబడకే అలా పట్టుకుని చూశాడు.

లావు చప్పుళ్ళు, దెబ్బలు, మూలుగులు ఆయనకి ఇప్పటికీ తెలుస్తాయి. సన్నవి తెలియవు. ఫ్యాను బెల్టు వదులై కీచుమంటే తెలియదు. బ్రేకు ప్యాడ్లు అరిగి గీసుకుంటే తెలియదు. అవి నాకు వినబడతాయి, కానీ ఏమిటో నాకు తెలియదు.

మొన్న కాకినాడ నుంచి వచ్చేటప్పుడు ఆయన నాతోనే ఉన్నాడు. ఆ తమ్ముడి ప్రశ్న తర్వాత మనసు బండి మీదే ఉందో ఏమో, ద్రాక్షారామం దాటాక రాత్రి తొమ్మిదిన్నరకి కొత్త చప్పుడు మొదలైంది. వాన వెలిసింది, కాలవలో కప్పలు. ముందు కుడివైపు నుంచి సన్నగా. బండి పక్కకి ఆపాను. నాన్న డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నాకేం తెలవట్లేదమ్మా. చప్పుడు ఎలాగుందో చెప్పు."

"సన్నగా ఉంది నాన్నా. కీచు."

"కీచా, కిర్రా?"

"కిర్రు కాదు. ఇనుము కాదనిపిస్తోంది. రబ్బరు. కాదు... పిట్ట అరిచినట్టు."

"ఆపి ఆపి అరుత్తందా, ఒకటే అరుపా?"

"ఆపి ఆపి."

"చక్రం తిరిగినప్పుడల్లా ఒకటా? లెక్కెట్టు."

మళ్ళీ స్టార్టు చేసి, ఫస్టు గేరులో, నడిచేంత నెమ్మదిగా పోనిచ్చాను. అద్దం దించి, తల బయట పెట్టి, లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాన్న నా మొహం వంకే చూస్తున్నాడు.